గొల్లపల్లి తెరకెక్కింది, శిడ్లఘట్ట సంగతేమిటి?

ప్రవీణ్ కండ్రేగుల దర్శకత్వంలో వచ్చిన 'సినిమా బండి' 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైంది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులోని గొల్లపల్లిలో కథ నడుస్తుంది. వీరబాబు అనే ఆటో డ్రైవరుకు తన బండిలో ఎవరో మరిచిపోయిన ఖరీదైన కెమెరా దొరుకుతుంది. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసే గణపతిని వెంటబెట్టుకుని, ఊరివాళ్ళనే నటులుగా పెట్టి సినిమా తీయడానికి పూనుకుంటాడు. రాజ్, డీకే నిర్మించిన ఈ సినిమాలో ఎక్కువమంది కొత్తవాళ్ళే. నవ్విస్తూనే మనసును కాస్త కలవరపెట్టే తరహా. కర్ణాటకలోని శిడ్లఘట్ట, చింతామణి, బాగేపల్లి వైపు తెలుగు మాట్లాడే మాబోటివాళ్ళకు అందులో కథకంటే ముందు మాట తగిలింది. అది కోస్తా మాట కాదు, హైదరాబాదు మాట కాదు, సీమ పేరు చెప్పి సినిమాలు ఇన్నాళ్ళూ వినిపించిన గర్జన అసలే కాదు. 'ఏం చేస్తా ఉండావప్పా' అని పలకరించుకునే మా ఇళ్ళలోని మాటకు అంత దగ్గరి మాట తెర మీద వినబడటం అరుదు.

అప్పటినుంచి మా వైపు సినిమా పిచ్చి ఉన్న కుర్రవాళ్ళ నోట ఒక కోరిక అప్పుడప్పుడూ వినబడుతూ ఉంటుంది. ఎవరైనా శిడ్లఘట్టలో, శిడ్లఘట్ట పేరుతోనే, ఇలాంటి సినిమా ఒకటి తీస్తే ఎంత బాగుండు! కోరికలో తప్పేమీ లేదు. ఇంతకాలం ఇతరుల ఊళ్ళు చూసి ఈలలు వేసిన ఊరికి తానూ ఒకసారి కనబడాలనిపించడం సహజమే. కానీ నిజమైన వీధుల్లో, నిజమైన పేరుతో, అక్కడి మనుషుల మధ్యే సినిమా తీయడం ఊరికి మేలా, సినిమాకు మేలా, రెంటికీనా అన్నది తొందరగా తేలే లెక్క కాదు.

సినిమా వైపు నుంచి చూస్తే వాదన బలంగానే ఉంటుంది. 2018 సెప్టెంబరులో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' అందుకు మంచి సాక్ష్యం. విశాఖపట్నం అనగానే తెలుగు సినిమాకు బీచి రోడ్డు, కైలాసగిరి, రుషికొండ గుర్తుకొస్తాయి. దర్శకుడు వెంకటేశ్ మహా వాటి జోలికి పోకుండా రైల్వే లైను వైపు ఉండే కంచరపాలేన్ని ఎంచుకున్నాడు. ఎనభైమందికి పైగా స్థానికులనే తెర మీదికి తెచ్చాడు. ఇరుకు మెట్లు దిగేటప్పుడు ఎదుటి మనిషికి ఒక పక్కకు ఒదిగి దారి ఇవ్వడం, గడప మీద కూర్చుని వీధిలో పోయేవాళ్ళతో సగం మాట మాట్లాడి సగం మింగేయడం లాంటివి నటనా శిక్షణతో వచ్చేవి కావు. ఆ మెట్ల మీద ముప్పై ఏళ్ళు నడిచినవాళ్ళకు వస్తాయి. సెట్టు వేసేవాడు మెట్లు కట్టగలడు గాని, ఆ ఒదుగుడును కట్టలేడు.

అయితే కథకు ఊరు నిజంగా అంత అవసరమా అని అడిగేవాళ్ళనూ తోసిపుచ్చలేం. 2016లో దిలీష్ పోత్తన్ మలయాళంలో తీసిన 'మహేషింటె ప్రతికారం' ఇడుక్కి కొండల్లోని ఒక ఫొటో స్టూడియోవాడి కథ. నలుగురిలో దెబ్బలు తిని, బదులు తీర్చుకునేదాకా చెప్పులు తొడగనని పంతం పడతాడు. అదే కథ 2018లో ప్రియదర్శన్ చేతిలో తమిళ 'నిమిర్' అయింది. 2020లో మళ్ళీ వెంకటేశ్ మహా చేతిలోనే 'ఉమామహేశ్వర ఉగ్రరూపస్య' అయి అరకు లోయకు వచ్చింది. చెప్పులు వదిలిన మనిషి ఇడుక్కిలో ఉన్నా, అరకులో ఉన్నా మనకు అర్థమవుతూనే ఉన్నాడు. 'కేరాఫ్ కంచరపాలెం' కూడా 2021లో తమిళానికి వెళ్ళేటప్పుడు 'కేరాఫ్ కాదల్' అయింది. కంచరపాలెం ఉండవలసిన చోట ప్రేమ వచ్చి కూర్చుంది. కథ మాత్రం నిలబడింది. దీన్నిబట్టి ఊరు ఒట్టి అలంకారమేనని తేల్చవచ్చా అంటే, అంత దూరం పోనక్కరలేదనిపిస్తుంది. ఒక ఊరిని వదిలిపెట్టిన కథ ఇంకో ఊరిని అంతే గట్టిగా పట్టుకోవలసి వచ్చింది. ఎక్కడో ఒకచోట కాలు మోపక తప్పలేదు. కాకపోతే ఆ చోటు ఫలానా శిడ్లఘట్టే కావాలని పట్టుబట్టే హక్కు కథకు ఉందని ఈ ఉదాహరణలు నిరూపించవు.

పూర్తిగా కట్టుడు ఊరితో పని జరుపుకున్న సినిమా మనకు దగ్గర్లోనే ఉంది. 1973 అక్టోబరులో 'షోలే' బృందం బెంగళూరు అవతల రామనగర దగ్గరి రామదేవర బెట్ట రాళ్ళ నడుమ దిగింది. దారి వేసుకున్నారు, రామ్‌గఢ్ అనే ఊరినే కట్టుకున్నారు. రామనగర మనకు పరాయిది కాదు. ఆసియాలోకెల్లా పెద్ద పట్టుగూళ్ళ మార్కెట్ దానిది, మన శిడ్లఘట్ట మార్కెట్ దాని వెంట నడిచేది. షోలేలో రామనగర పేరు లేదు, పట్టు లేదు, కన్నడం లేదు. ఊరికి అందులో దక్కిందేమిటని అడగవచ్చు. దర్శకుడి పేరు మీదుగా కొంత భాగాన్ని సిప్పీ నగర్ అన్నారు, షోలే రాళ్ళు చూడటానికి ఇప్పటికీ జనం వస్తారు, అంతే. కానీ ఇదే సంగతిని ఇంకో వైపు నుంచి కూడా చూడాలి. రామ్‌గఢ్‌లో ఎవరు పిరికివాళ్ళయినా, ఎవరు బందిపోటుకు తల వంచినా, రామనగరలో ఒక్క మనిషి కూడా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోవలసిన పని పడలేదు. లేని ఊరి పేరు ఉన్న ఊరికి గొడుగు పట్టింది. పేరు వాడకపోయినా చోటు మీద బరువు పడుతుందన్నదీ నిజమే. ఆ కొండను 2012లో రాబందుల అభయారణ్యంగా ప్రకటించారు. సినిమా జ్ఞాపకం కోసం వచ్చే జనమూ, బండల ఎత్తున గూడు పెట్టుకునే పక్షీ ఒకే కొండ మీద సర్దుకోవలసి ఉంది.

ఇక శిడ్లఘట్ట సంగతి. ఇక్కడికి కెమెరా వస్తే ముందు వెళ్ళేది గూళ్ళ మార్కెట్‌కే. వెళ్ళాలి కూడా. తెల్లవారుజామునుంచే రైతులు బస్తాలతో దిగుతారు. సరిహద్దు అవతలి ఆంధ్ర పల్లెల నుంచీ వస్తారు. తెల్లటి, పసుపుపచ్చటి గూళ్ళు కుప్పలు పోసి ఉంటాయి. గూళ్ళ నుంచి దారం తీసే రీలరు వచ్చి గుప్పెడు తీసి, వేళ్ళతో నొక్కి, చెవి దగ్గర ఆడించి, లోపల పురుగు బతికి ఉందా, గూడు గట్టిగా ఉందా చూసుకుంటాడు. ఒకప్పుడు అరుపులతో సాగిన వేలం ఇప్పుడు ఫోన్లలో నడుస్తుంది. ధర పాడేవాడి ముఖంలో ఏమీ కనబడదు, బొటనవేలు మాత్రం కదులుతుంది. దర్శకుడికి ఇంతకంటే మంచి సన్నివేశం ఎక్కడ దొరుకుతుంది? అమ్ముడుపోయే ధర తెలిసిన క్షణాన రైతు ముఖం ఒక్కటి చాలు, డైలాగు అక్కర్లేదు.

కానీ ఆ గూడుకు సొంత గడియారం ఉంది. పురుగు గూడు కట్టడం ముగించిన పది పన్నెండు రోజులకు రెక్కల పురుగు అయి దాన్ని తొలుచుకుని బయటికి వస్తుంది. తొలిచిన గూటి నుంచి తెగని దారం తీయడం కుదరదు, ధర పడిపోతుంది. పురుగులు గూళ్ళు కట్టే చంద్రికల మీంచి వాటిని రాల్చి, ఏరి, మార్కెట్‌కు తెచ్చేసరికే అందులో సగం గడువు అయిపోతుంది. ఇక్కడ 'ఇంకొక్క టేకు' అంటే ఆ సమయం రైతు జేబులోంచి పోతుంది. సినిమావాళ్ళు చెడ్డవాళ్ళని ఇందులో అర్థం లేదు. వెలుగు పోకముందే సీను ముగించాలన్న వాళ్ళ తొందర కూడా నిజమైనదే, చిన్న సినిమాకు ప్రతి అదనపు రోజూ అప్పే. రెండు గడియారాలూ న్యాయమైనవే కావడం వల్లే చిక్కు.

రీలింగు షెడ్లలో చిక్కు ఇంకొంచెం లోతుగా ఉంటుంది. మరిగే నీళ్ళ తొట్టి మీద ఆవిరి, పొద్దుటి ఎండ పడితే బంగారంలా మెరిసే దారం, వేడినీళ్ళలో నాని తెల్లబడిన వేళ్ళు. తెర మీద ఇవన్నీ ఎంతో అందంగా ఉంటాయి. (వాసన తెర మీదికి రాదు. వస్తే సినిమాలో సగం శృంగార సన్నివేశాలు ఇక్కడ తీయాలనుకునేవాళ్ళు కారు.) ఇక్కడివాళ్ళు కెమెరాను కొంచెం అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం. 2003లో హ్యూమన్ రైట్స్ వాచ్ పట్టు పరిశ్రమలో వెట్టి బాలకార్మికుల మీద నివేదిక వెలువరించినప్పుడు కర్ణాటక పట్టు పరిశ్రమ కూడా అందులో ఉంది. బయటివాళ్ళ చూపు ఆనాడు చేసిన మేలు చిన్నది కాదు. చెప్పవలసిన నిజం చెప్పింది. కానీ కెమెరా అంటే తప్పులు వెతికేది అన్న బెదురు కూడా అలాంటి రోజుల నుంచే మిగిలి ఉండవచ్చు. హాస్యం కలిసిన కథ ఆ బెదురును పోగొట్టగలదు. అదే హాస్యం కష్టాన్ని మరీ తేలిక చేసి, వేడినీళ్ళలో చేతులు పెట్టి బతికే మనిషిని ముచ్చటైన నేపథ్యంగా మార్చేయనూగలదు. ఏది జరుగుతుందో స్క్రిప్టు చదివి చెప్పడం కష్టం. ఎడిటింగు బల్ల మీద గాని తేలదు.

నవ్వు మాట వచ్చింది కాబట్టి యాసను గురించి కూడా చెప్పాలి. తెలుగు సినిమా చాలాకాలం తెలంగాణ మాటను విలన్‌కో కమెడియన్‌కో, సీమ మాటను ఫ్యాక్షనిస్టుకో పంచి ఇచ్చింది. ఇప్పుడు సరిహద్దు మాటకు కూడా వంతు వచ్చిందని సంతోషించాలో, నవ్వులాటకు ఇంకో కొత్త సరుకు దొరికిందని జాగ్రత్త పడాలో చెప్పలేం. నాకు మటుకు 'సినిమా బండి'లో నవ్వు మనుషుల అవస్థ మీద వచ్చింది, వాళ్ళ మాట మీద కాదు. ఆ కొత్త కెమెరాతో తంటాలు పడే గణపతిని చూసి నవ్వుతాం, అతను పలికే తీరు చూసి కాదు. ఇలా అనిపించనివాళ్ళూ నాకు తెలుసు. పల్లెటూరివాళ్ళ అమాయకత్వాన్ని పట్నంవాళ్ళకు వడ్డించారన్నది వాళ్ళ అభ్యంతరం. ఆ గీత చాలా సన్ననిదన్న మాట మాత్రం నేనూ ఒప్పుకుంటాను. ఒక సినిమా దాన్ని దాటకుండా నడిచిందంటే దాని వెనక వచ్చే పది సినిమాలూ నడుస్తాయని హామీ లేదు.

పైగా శిడ్లఘట్ట ఒక్క తెలుగు ఊరేమీ కాదు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, రీలింగు షెడ్డులో చాలాచోట్ల ఉర్దూ. ఒకే మనిషి మార్కెట్ గేటు దాటేలోపు మూడింటిలోనూ బేరమాడతాడు. పక్కనే కైవారంలో, తాతయ్య అని అందరూ పిలిచే యోగి కవి తెలుగులోనూ, కన్నడంలోనూ కీర్తనలు చెప్పినప్పుడు ఎవరూ అడ్డు చెప్పలేదు. కానీ హైదరాబాదు బృందం వచ్చి శిడ్లఘట్ట పేరుతో తెలుగు సినిమా తీస్తే ఊరు మొత్తం తెలుగు ఊరుగా కనబడే ప్రమాదం ఉంది. కన్నడంలో తీస్తే మా ఇళ్ళలోని మాట మళ్ళీ మాయమవుతుంది. కన్నడం వారికీ, తెలుగువారికీ ఇద్దరికీ ఇందులో న్యాయమైన బాధ ఉంటుంది. మూడు భాషలనూ కలిపి తీయడమే దీనికి నిజాయితీ గల దారి అనిపిస్తుంది. అలా తీసిన సినిమాను ఏ రాష్ట్రం థియేటర్లు, ఏ అవార్డు విభాగం తనదనుకుంటాయన్నది వేరే సమస్య.

ఊరివాళ్ళనే నటింపజేయడం గురించి రెండు మాటలు. 2015లో లొకార్నో చిత్రోత్సవంలో బహుమతి తెచ్చుకున్న కన్నడ 'తిథి' కూడా నవ్వూ, బాధా కలిసిన సినిమాయే. రామ్ రెడ్డి దాన్ని మండ్య జిల్లా నొదెకొప్పలులో అక్కడి మనుషులతోనే తీశాడు. గడ్డప్ప, సెంచురీ గౌడ వేషాలు వేసిన పెద్దవాళ్ళు ఆ తరువాత మరికొన్ని కన్నడ సినిమాల్లోనూ కనిపించారు. జీవితమంతా పొలం చేసిన మనిషికి ముసలితనంలో పేరూ, నాలుగు డబ్బులూ రావడం కాదనదగిన సంగతి కాదు. మొదటి సినిమాలో తాముగా ఉన్నవాళ్ళను తరువాతి సినిమాలు తమ వేషమే తాము మళ్ళీ మళ్ళీ వేయమన్నాయని మాత్రం అనిపిస్తుంది. అది వాళ్ళ తప్పు కాదు, మొదటి దర్శకుడి తప్పూ కాదు.

చోటు చూడటానికి వచ్చే జనం సంగతి అందరికీ తెలిసిందే, నంది కొండ దారిలో ఆదివారం పొద్దున ఇరుక్కున్నవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. శంకర్ నాగ్ 'మాల్గుడి డేస్' తీసిన ఆగుంబెకు దశాబ్దాలు గడిచినా జనం వస్తూనే ఉన్నారు. ఆ ధారావాహికలో కనబడిన అరసాళు రైల్వే స్టేషనులో మాల్గుడి పేరుతో మ్యూజియం పెట్టారు. లేని ఊరు వచ్చి ఉన్న ఊరి మీద వాలింది. పాతబడి పడిపోవలసిన కట్టడం నిలిచిందంటే అది లాభమే కదా అంటే, అవును. శిడ్లఘట్టలో కూలిపోతున్న పాత పెంకుటిళ్ళు కొన్ని ఆ మాత్రం పేరుంటే నిలిచేవేమో.

ఆదాయం విషయంలో ఆశ తగ్గించుకోవడమే మంచిది. చిన్న బృందం నెలో రెండు నెలలో ఉంటుంది. లాడ్జీలు, హోటళ్ళు, జీపులు, జనరేటరు అద్దెకిచ్చేవాళ్ళు నాలుగు రాళ్ళు చేసుకుంటారు, తరువాత ఎవరి పని వాళ్ళది. 'సినిమా బండి'లో వీరబాబు సినిమా తీస్తే ఊరు బాగుపడుతుందని నమ్మి బయల్దేరతాడు. ఆ నమ్మకాన్ని సినిమా ఎగతాళి చేయదు, అలాగని నెరవేరుస్తాననీ మాట ఇవ్వదు. దాన్ని మించి చెప్పగలిగింది నా దగ్గరా లేదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచే దారి ఒకటుంది, అది అందరికీ నచ్చకపోవచ్చు. చోటు, మాట, పేరు అనే మూడింటినీ ఒకే మూటగా కట్టి ఇవ్వనక్కరలేదు. మాటను ఎవరికైనా ఇవ్వవచ్చు. దాన్ని సరిగ్గా పలికించడానికి ఇక్కడివాళ్ళను నలుగురిని పనిలో పెట్టుకుంటే చాలు, వాళ్ళ పేర్లు టైటిల్స్‌లో వేస్తే ఇంకా మంచిది. చోటును ఇవ్వాలి, కానీ దాని గడియారం ప్రకారం. మార్కెట్ ఆవరణలో వేలం ముగిశాకే కెమెరా దిగాలి. అసలు వేలాన్నే తీయాలంటే ఆపకుండా, మళ్ళీ చేయమనకుండా, జరిగేదాన్ని జరిగినట్టు తీసుకోవాలి. అలా తీస్తే సినిమా చక్కదనం కొంత పోతుందని దర్శకులంటారు. పోవచ్చు. నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయంలో చిత్రీకరించాలంటే పురావస్తు శాఖ అనుమతి, దాని షరతులు తప్పవు. తొమ్మిదో శతాబ్దం నాటి రాయికి ఉన్న ఆ మాత్రం రక్షణ బతికి ఉన్న రీలరు చేతులకూ ఉండాలనడం అత్యాశ కాదు. షెడ్డు యజమాని సరేనంటే చాలదు. తొట్టి దగ్గర కూర్చున్నవాళ్ళను విడిగా అడగాలి, ఆ పూట కూలి విడిగా ఇవ్వాలి. కష్టం ఏమిటంటే, యజమాని ఎదుట వద్దనగలిగే పరిస్థితి అందరికీ ఉండదు. అందువల్ల ఈ నిబంధన కాగితం మీద ఉన్నంత గట్టిగా షెడ్డులో ఉండకపోవచ్చు.

పేరు విషయంలోనే నేను వెనకాడతాను. కథలో ఊరు నలుగురిలో ఒకడిగా, మంచీ చెడూ ఉన్న మనిషిలా నడిచే పక్షంలో శిడ్లఘట్ట అనే పేరు పెట్టడంలో న్యాయం ఉంది. కంచరపాలేనికి అదే జరిగింది. పట్టు దారం, పాత పెంకుటిల్లు వెనక బొమ్మగా ఉంటే చాలుననుకునే కథ అయితే షోలేవాళ్ళలా లేని పేరు ఒకటి పెట్టుకోవడమే ఇద్దరికీ క్షేమం. ఈ రెంటిలో ఏది ఏదో ముందు తేల్చడానికి ఊరివాళ్ళకు సెన్సారు అధికారం ఇవ్వాలని నేననడం లేదు. అలా ఇస్తే ఏ ఊరూ తనను గురించి నిజం చెప్పనివ్వదు, మన ఊరు అందులో మొదటిదవుతుంది. కాకపోతే, ఒక మర్యాద పాటించవచ్చు. ఓటీటీలో విడుదలయ్యే సినిమాను ఒప్పందం వల్ల ముందుగా ఎక్కడా చూపలేమంటారు, సరే. విడుదలైన నాటి సాయంత్రమే ఊళ్ళోని థియేటరులో ఒక ఆట వేయడానికి ఒప్పందం రాసుకునేటప్పుడే ఒక వాక్యం చేర్చుకోవచ్చు. టికెట్టు లేకుండా, మార్కెట్ సెలవు రోజు చూసుకుని. ఆ ఆటకు వచ్చినవాళ్ళు తిట్టినా, మెచ్చుకున్నా దర్శకుడు చివరి వరుసలో కూర్చుని వినాలి.